మూడో అంతస్తుకు ఎర్ర గుర్తులు

రాగ్నా ముప్ఫై ఏళ్లు ఓస్లోలో ట్రామ్ నడిపింది. అన్నేళ్లలో ఆమెను నోరారా పలకరించిన ప్రయాణికులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలోనూ సగం మంది తాగి ఎక్కినవాళ్లే. మా ఊరి తీరే అంత. ఇద్దరు పట్టే సీట్లో ఒకరు కూర్చుని ఉంటే, రెండోవారు పక్కన చేరకుండా నిలబడే ప్రయాణం చేస్తారు. మేడమెట్ల మీద ఇరుగుపొరుగు ఎదురుపడడమంటే పెద్ద గండమే. అందుకే తలుపుకున్న కంతలోంచి చూసి, మెట్లు ఖాళీ అయ్యాకే గడియ తీస్తారు. దీనికి మేం మర్యాద అని పేరు పెట్టుకున్నాం. రాగ్నా మాత్రం పిరికితనం అనేది.

అనడమైతే అనేది గానీ తనూ అదే పని చేసేది. ఆమెది మూడో అంతస్తు. మొదటి అంతస్తులో ఒద్వార్ అని ఒకాయన ఉండేవాడు. పియానోలు శ్రుతి చేయడం ఆయన వృత్తి. భార్య పోయాక ఒంటరివాడయ్యాడు. ఆయన తలుపు వెనక నుంచి ఒకే స్వరం మళ్లీ మళ్లీ వినిపిస్తుంటే రాగ్నా మెట్ల మీద కాసేపు నిలబడేది. ఆయనతో కూర్చుని ఒక్కసారి కాఫీ తాగాలని ఆమెకు ఎంతో ఉండేది. పన్నెండేళ్లలో వాళ్ల మధ్య నడిచిన సంభాషణంతా కలిపితే "హాయ్", "చలి ముదిరింది" దాటదు.

పింఛను పుచ్చుకున్న ఏడాది ఆగస్టులో రాగ్నా పాత కారులో గుడారం, స్టవ్, నిద్రసంచీ వేసుకుని రోందానె కొండలకు బయలుదేరింది. చెల్లెలు ఫోన్ చేసి గోల పెట్టింది.

"అక్కా, మోకాలు మార్పించుకుని ఏడాదన్నా కాలేదు. ఒక్కదానివీ ఆ కొండల్లో గుడారమేంటే?"

"పాత మోకాలు అరవై ఏళ్లు చాకిరీ చేసిందే. కొత్తది పన్లోకి దిగకుండానే పింఛనడిగితే ఎలా?"

కారు పార్కింగ్‌లో వదిలి, మూట భుజానికెత్తుకుని, సరస్సు ఒడ్డున గుడారం వేసింది. మర్నాడు పొద్దున్నే శిఖరం వైపు నడక మొదలుపెట్టింది. ఆ కొండల్లో దారి తప్పే పనిలేదు. రాళ్ల మీద ఎర్ర రంగుతో ఇంగ్లిషు టి అక్షరం గీసి ఉంటుంది. ఒక గుర్తు దగ్గర నిలబడితే తర్వాతిది కనబడుతుంది. ఇంకో చిత్రం కూడా ఉంది. కొండెక్కగానే మావాళ్లకు నోళ్లొస్తాయి. ట్రామ్‌లో ముఖం తిప్పుకునే మనిషే అక్కడ ఆగి మరీ కుశలమడుగుతాడు. పలకరించకుండా పోయేవాణ్ణి అక్కడ మనిషి కింద జమకట్టరు.

ఒక ఎర్ర గుర్తు పక్కన ఎవరో కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటున్నారు.

"హాయ్! పైన గాలెలా ఉందండీ?" అని అడిగింది రాగ్నా.

ఆయన తలెత్తాడు. "మీరు... మా మేడ మీది రాగ్నా కదూ?"

"మీరు మా కింది పియానోల ఒద్వార్!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఇక ఆ మనిషి నోటికి తాళం లేదు. భార్యకు శ్రుతి తప్పిన పియానో అంటే ఎంత చిరాకో, తనకు వంటలో ఉడకేసిన బంగాళాదుంప తప్ప ఏం చేతకాదో, అన్నీ చెప్పాడు. రాగ్నా ట్రామ్ కబుర్లు చెప్పింది. ఇద్దరూ కలిసి పైకి నడుస్తుంటే, శిఖరం ఇంకాస్త ఉందనగా పొగమంచు కమ్మేసి, తర్వాతి గుర్తు కనబడకుండా పోయింది.

"వెనక్కి తిరుగుదామండీ," అన్నాడు ఒద్వార్. "తిరగడంలో సిగ్గేం లేదని చిన్నప్పుడు బళ్లో చెప్పేవారుగా."

"చెప్పేవారు. నేనే వినలేదు," అంది రాగ్నా. ఎప్పుడూ వెనుదిరగని మనిషి ఆ రోజు తిరిగింది, పైగా దిగినంతసేపూ సంతోషంగా ఉంది.

పార్కింగ్ దగ్గరికి రాగానే ఆయన తాళంచెవులు వెతుక్కున్నాడు. నేల చూశాడు. "సరే మరి," అని కారెక్కి వెళ్లిపోయాడు. కొండతో పాటు మాటా దిగిపోయింది.

ఓస్లోలో మళ్లీ పాత కథే. ఒక పొద్దున రాగ్నా మెట్లు దిగుతుంటే ఆయన తలుపు కంతలో వెలుగుకు చటుక్కున ఏదో అడ్డొచ్చింది. లోపల నిలబడి, ఆమె ఎప్పుడు దాటిపోతుందా అని చూస్తున్నాడన్నమాట! ఆమెకు ఒళ్లు మండింది. మంట కన్నా బాధే ఎక్కువ. నేరుగా కొట్టుకెళ్లి ఎర్ర టేపు కొనుక్కొచ్చింది. ఆదివారం ఆయన తలుపుకెదురుగా గోడ మీద పెద్ద టి అంటించింది. తర్వాత ప్రతి మలుపులోనూ ఒకటి, చివరిది తన గుమ్మం పక్కన. రెండో అంతస్తావిడ తలుపు జానెడు తీసి చూసి, టక్కున మూసేసుకుంది.

వాఫుల్స్ కాల్చి, కాఫీ పెట్టి కూర్చుంది రాగ్నా. ఇంత వయసొచ్చి ఇదేం చేష్ట అని ఒకటికి రెండుసార్లు అనుకుంది. కింద తలుపు తెరుచుకుంది. అడుగులు రెండో అంతస్తు దాకా వచ్చాయి. ఆగాయి. మళ్లీ దిగిపోయాయి. తలుపు మూసుకుంది.

రాగ్నాకు సిగ్గేసింది. ఆ టేపంతా పీకేసి పారేద్దామని లేచింది. అంతలో మళ్లీ చప్పుడు. ఈసారి అడుగులు బరువుగా, దబదబా పైకే వస్తున్నాయి. అలవాటు కొద్దీ కంతకు కన్ను ఆనించబోయి, తననే తిట్టుకుని, తలుపు బార్లా తీసింది.

కొండ బూట్లు, వీపున సంచీ, చేతిలో ఫ్లాస్కు. ఎదురుగా ఒద్వార్ ఆయాసపడుతూ నిలబడ్డాడు.

"హాయ్. ఈ దారెక్కడికి పోతుందండీ?"

"ఇక్కడిదాకానే. కాఫీ దొరుకుతుంది."

"ఇందాక సగందాకా వచ్చి దిగిపోయా. బూట్లు వేసుకుంటే గానీ నోరు పెగల్లేదు." ఆయన సిగ్గుగా నవ్వాడు. "వెనక్కి తిరగడంలో సిగ్గేం లేదంటారు కదా."

"అది కొండ మీద. మెట్ల మీద సిగ్గే," అంది రాగ్నా. "ఆ బూట్లు విప్పేసి లోపలికి రండి."