హన్నాకు మీరు నేర్పిన తెలుగు

మీరే. అవును, ఇది చదువుతూ "అబ్బా, మళ్లీ కులమేనా" అని వేలితో పైకి తోసేయబోతున్న మీరే... హన్నాను మా ఇంట్లో ఒక్క ముద్ద తిననివ్వలేదు. ఆ రోజు వచ్చిన జీపు మీది కాకపోవచ్చు. అందులోంచి మాట్లాడిన నోరు మాత్రం మీదే.

మా చిన్నప్పుడు... పదో తరగతి అయిపోయిన ఏడు, కోడుమూరు దగ్గరి మా పల్లె నుంచి నన్ను జర్మనీకి పంపారు. మా స్కూలుకూ అక్కడి ఒక స్కూలుకూ ఒప్పందం. అక్కడి పిల్లల ఇంట్లో ఏడాది ఉండి చదువుకోవాలి, తర్వాత ఆ పిల్లలు వచ్చి మన ఇంట్లో ఉంటారు. ఇంగ్లీషులో మార్కులు నాకే వచ్చాయి... వేరే దారి లేక నన్ను పంపారు. అమ్మా నాయనా శనక్కాయ చేలల్లో కూలికి పోయేవాళ్లు. మా మాదిగ గేరిలో, ఆ వాడ మొత్తానికీ, విమానం ఎక్కిన మొదటి మనిషిని నేను.

నన్ను ఉంచుకున్నది హన్నా వాళ్ల ఇల్లు. హన్నాకు నా వయసే. మొదటి రోజు తిండి అయ్యాక నా పళ్లెం నేనే కడిగి, తలుపు బయట గోడ వారగా బోర్లించి వచ్చాను. ఎవరూ చెయ్యమనలేదు. ఊళ్లో పెద్దిళ్లలో మాకు పెడితే మేం చేసే పనే అది... చేతులు వాటంతటవే చేశాయి.

హన్నా వాళ్లమ్మ బిత్తరపోయింది. "మా గిన్నెలు శుభ్రంగా లేవా?" అని అడిగింది... తనవైపే ఏదో తప్పు జరిగిందన్నట్టు. చెప్పేంత ఇంగ్లీషు నాకు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు. ఆమె ఆ పళ్లేన్ని లోపలికి తెచ్చి తక్కిన వాటి మధ్యలో పెట్టింది. అంతే. ఆ ఇంట్లో అంతకు మించిన విప్లవమేమీ జరగలేదు. ఏడాదంతా హన్నా గదిలోనే పడుకున్నాను.

మరుసటి ఏడు హన్నా మా ఇంటికి రావాలి...

నాయన మేం ఉండే కొట్టానికి సున్నం కొట్టాడు. జాలాడి చుట్టూ కొత్త తడికలు కట్టి, ఆడపిల్ల స్నానానికి చాటు చేశాడు. అమ్మ పక్కింటి నుంచి నులకమంచం తెచ్చి, దుప్పటి ఉతికి ఆరేసింది.

"ఆ పాప ఏం తింటాదే?"

"ఉర్లగడ్డలు శానా తింటాదిమా." బంగాళాదుంపలకు మా మాట అదే.

"ఉర్లగడ్డల కోసరం అంత దూరం పోయొచ్చినావా? కోడుమూరు సంతలో దొరకవా యేం!"

గేరి గేరంతా నవ్వింది. హన్నా సంగతిలో మేం నవ్వుకున్నది అదే చివరిసారి.

హన్నా వచ్చే రెండు రోజుల ముందు స్కూలు కరస్పాండెంటు జీపులో వచ్చాడు. దిగలేదు. నాయనే దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఏమప్పా, ఫారిన్ పిల్లను ఈ కొట్టంలో పెడతావా? పానం బాగలేకుండా అయితే ఎవురు జవాబు చెప్పేది? మా ఇంట్లో ఉంటాదిలే."

"మా పాప వాళ్లింట్లో ఉండింది గదా సార్. వాళ్లు పెట్టినారు... మేము పెట్టొద్దా?"

"అది యాడ, ఇది యాడప్పా!"

జీపు పోయింది. మంచం మాత్రం నాయన తీయనివ్వలేదు. "ఒక్క పూటన్నా రాదా" అన్నాడు.

ఒక్క పూట వచ్చింది హన్నా. వెంట కరస్పాండెంటు భార్య. ఆమె కారు దిగకుండా, అద్దం దించి మావైపు చూస్తూ కూర్చుంది. హన్నా నన్ను గట్టిగా వాటేసుకుంది. అమ్మ జొన్నరొట్టె, పొట్టేలి కూర, వేయించిన ఉర్లగడ్డలు పెట్టి పళ్లెం ముందుకు జరిపింది.

హన్నా రెండు చేతులూ జోడించి, వచ్చీరాని తెలుగులో అంది... "వద్దమ్మా."

మీరు ఆ పిల్లకు నేర్పిన మొదటి మాట అది.

"ఒక్క ముద్దన్నా తినమను పాపా," అంది అమ్మ. నేను ఇంగ్లీషులో చెప్పాను. హన్నా ముఖం ఎర్రబడింది. "మీ దేశంలో ఒకరి ఇంట్లో ఇంకొకరు తినకూడదట కదా. తింటే మీ అమ్మావాళ్లకే ఇబ్బందట. మీ ఆచారాన్ని గౌరవించాలని చెప్పారు."

ఎంత తెలివి మీది! మమ్మల్ని అంటరానివాళ్లని అనలేదు. మా మీద గౌరవంతో తినొద్దన్నారు. మంచి పిల్లను పట్టుకుని, ఆ మంచితనంతోనే మా పళ్లేన్ని వెనక్కి నెట్టించారు.

"అది అబద్ధం హన్నా, తిను" అన్నాను. ఆమె నన్ను చూసింది, కారును చూసింది. హారన్ మోగింది. మళ్లీ మోగింది. లేచింది.

అమ్మ ఆ కూర గేరి పిల్లలకు పెట్టేసింది. నేను ఏడుస్తుంటే, "ఆ పాపదేం తప్పుండాదే. ఈడికొచ్చినంక నేర్చుకునింది," అంది.

ఇప్పుడు కాలం మారిందంటారు కదా... మారింది. మా తమ్ముడిది మిద్దె ఇల్లు. టైల్స్ వేసిన బాత్రూములు, ఏసీ గది. మొన్న మా పాత విద్యార్థుల గ్రూపులో మెసేజి వచ్చింది... విదేశీ పిల్లలు వస్తున్నారు, ఉంచుకునే ఇళ్లు కావాలని. వాడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు. "వెజిటేరియన్ ఫ్యామిలీ అయితే బెటర్ బ్రదర్" అని గ్రూపు నడిపేవాళ్ల జవాబు. దాని కింద మీ బొటనవేళ్లు, మీ దండాలు. ఆనాడు కొట్టం అన్నారు, మిద్దె కట్టాం. రేపు ఇంకేం అంటారో కూడా నాకు తెలుసు.

అందుకే అడుగుతున్నాను. బతిమాలడం లేదు.

మా గేరి మనిషి మీ ఇంట్లో ఒక్క రాత్రి పడుకున్న జ్ఞాపకం మీకుంటే కామెంటులో రాయండి. లేకపోతే లేదని రాయండి.

ఏ ఇంట్లో ఉండాలో వచ్చే పిల్లలనే అడగండి.

మా తమ్ముడి ఇల్లు ఎందుకు పనికిరాదో గ్రూపులో, అందరి ముందు, పేరు పెట్టి చెప్పండి.

ఇవేవీ చెయ్యరని తెలుసు. కనీసం ఇదొక్కటి చెయ్యండి... ఆ పిల్లలకు "ఇది ఇక్కడి ఆచారం" అని చెప్పకండి. "ఇది మేం చేస్తున్నాం" అని చెప్పండి.