అవ్వ అర్జీకి రెండు వాక్యాలు

పెనుకొండలో నాకు మొదటి ఉద్యోగం దొరికినప్పుడు ఇరవై మూడేళ్లు. ఒక ప్రభుత్వ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్. ప్రతి సోమవారం జనం అర్జీలు తెచ్చి ఇస్తారు. ఒక్కో అర్జీ చదివి, సారాంశం రెండు వాక్యాల్లో కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పైవాళ్లు ముందుగా చూసేది ఆ రెండు వాక్యాలనే. వినడానికి సులువైన పనే అనిపించింది. డిగ్రీ దాకా తెలుగులో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

మాది ధర్మవరం. అమ్మా నాయనా పట్టుచీరలు నేస్తారు. రోజూ వచ్చిపోవడం కుదరక పెనుకొండలోనే మేడ మీద ఒక గది తీసుకున్నాను. కింద వేరుశనగ గోడౌను. ఇంటివాళ్లు బెంగళూరులో ఉంటారు. మగ్గం చప్పుడు లేని ఇంట్లో నేను అంతకుముందు ఎప్పుడూ నిద్రపోలేదు.

మొదటివారం అర్జీలో కంటికి కనిపించిన మొదటి రెండు వాక్యాలనే కొద్దిగా మార్చి టైపు చేశాను. మా పై అధికారి అయిన మేడం పిలిపించింది. మొదటి రెండు వాక్యాలు తానూ చదువుకోగలనని, దానికి నేనెందుకని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. తర్వాత ఒక అర్జీ నా చేత చదివించి, కాగితాన్ని బోర్లా పెట్టింది.

“ఇప్పుడు చెప్పమ్మా. ఆ మనిషికి ఏం కావాలంట?”

నా చెయ్యి కాగితం వైపు పోయింది. ఆమె దాని మీద అరచెయ్యి పెట్టింది.

“చూడకుండా చెప్పు. చెప్పలేకపోతే నువ్వు చదవలేదని అర్థం.”

ఆ రోజు నుంచి గదిలో సాధన మొదలుపెట్టాను. పేపర్లో ఒక వార్త చదివి, మడిచి పక్కన పెట్టి, పైకి చెప్పేదాన్ని. మొదట్లో అంతా పేపరు భాషే వచ్చేది. ‘చర్యలు చేపట్టనున్నట్లు వెల్లడించారు’ అని చెప్పి, ఆగి, ‘చేస్తామన్నారు’ అని దిద్దుకునేదాన్ని. వినేవాళ్లు ఎవరూ లేరు. ఆఫీసు వదిలాక నేను నోరు విప్పేది ఆ వార్తలు చెప్పుకోవడానికే. కొన్ని ఆదివారాలు సాయంత్రం దాకా ఒక్క మాటా మాట్లాడక, చెప్పబోతే గొంతు బొంగురుగా పలికేది.

మూడు నెలల్లో చెయ్యి తిరిగింది. నాలుగు పేజీల అర్జీని నిమిషంలో తేల్చేసేదాన్ని. మేడం దిద్దడం మానేసింది. కొంచెం గర్వం కూడా వచ్చింది.

అలాంటి ఒక సోమవారం ఎర్రమంచి అవతలి పల్లె నుంచి ఒక అవ్వ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. ఎవరితోనో రాయించుకొచ్చిన నాలుగు కాగితాలు ఇచ్చింది. సర్వే నంబర్లు, హద్దులు, ‘రాకపోకలకు తీవ్ర అంతరాయం’ అన్నీ ఉన్నాయి. నేను చకచకా టైపు చేశాను: ‘ఇంటి ముందరి దారికి పొరుగువారు కంచె వేశారు. దారి తెరిపించాలని కోరుతున్నారు.’ రసీదు చేతికిచ్చినా అవ్వ కదల్లేదు.

“ఏం రాస్తివి పాపా? సదువు, ఇంటాను.”

చదివాను.

“కంచె ఏసింది నిజమే. నేను పోయేకి ఎనకపక్క ఇంగో దోవ ఉండాది. దానికేం ఇబ్బంది లేదు.”

మరి అర్జీ ఎందుకని అడిగాను.

“పొద్దున్నే జనమంతా ఆ దోవనే బస్సుకు పోతాండ్రి. ఏమవ్వా, సంగటి తింటివా అని అడుగుతాండ్రి. ఇప్పుడు పలకరిచ్చే మనిషే లేదు. పొద్దు పోదు పాపా. అది రాయలేదా అండ్లో?”

నాలుగు కాగితాలూ మళ్లీ వెతికాను. ఎక్కడా లేదు. రాసినాయన అవ్వ చెప్పింది విని తన మాటల్లో పెట్టాడు. ఆయన మాటల్ని నేను నా మాటల్లోకి మార్చాను. ఇద్దరం పని సరిగ్గానే చేశాం. అవ్వ మాత్రం మధ్యలో ఎక్కడో జారిపోయింది.

టైపు చేసింది చెరిపి మళ్లీ రాశాను: ‘దారి మూసినప్పటి నుంచి ఇంటి ముందు మనుషుల నడక లేదు, పలకరించేవారు లేరు. మునుపటిలా జనం నడిచేలా చూడమంటున్నారు.’ అవ్వ రెండుసార్లు చదివించుకుంది. “ఆ, అదే” అని లేచి వెళ్లింది.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. రోజూ చేస్తుంది. ఎట్లుండావని అడుగుతుంది. బాగుండానని చెప్తాను. వెనక నాయన మగ్గం ఆడుతూ ఉంటుంది. రెండు నిమిషాల్లో పెట్టేస్తాం. ఆ రోజు అదే ప్రశ్నకు వేరే మాట వచ్చింది.

“అమ్మా, ఈడ నాకు మాట్లాడేకి ఎవరూ లేరు.”

వెనక మగ్గం చప్పుడు ఆగింది.

“మీ నాయన మగ్గం నిలిపినాడు. చెప్పు” అంది అమ్మ.

ఫోన్ వేడెక్కేదాకా చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తు లేదు. ఏడవలేదని మాత్రం గుర్తుంది.

అవ్వ అర్జీ మీద సర్వేయరు పోయి చూసొచ్చాడు. కంచె వేసింది పొరుగువాళ్ల పట్టా భూమిలోనే, తీయించే వీలు లేదన్నాడు. ఆ జవాబు ఎక్కించాల్సిందీ నేనే. అందులో దిద్దడానికి ఏమీ లేదు.

తర్వాతి ఆదివారం ఆ సంగతి చెబుదామని అవ్వ ఊరికి పోయాను. అవ్వకు అప్పటికే తెలుసు. “భూమి వాళ్లదైనప్పుడు ఏం చేస్తారులే” అంది. ఉడకబెట్టిన చెనక్కాయలు తెచ్చి పెట్టి, మాది నేత ఇల్లని తెలిసి, ఒక చీర మగ్గం దిగడానికి ఎన్ని రోజులు పడుతుంది, రంగులు ఎక్కడ అద్దుతారు అని సాయంత్రం బస్సు దాకా అడుగుతూనే ఉంది. ఇంకో రెండు ఆదివారాలు పోయినట్టున్నాను. అంతలో నన్ను హిందూపురం ఆఫీసుకు మార్చారు.

ఇక్కడా అదే పని. మడకశిర వైపు నుంచి వచ్చేవాళ్లు కన్నడం కలిపి మాట్లాడతారు, సగం అర్థమవుతుంది, సగం అడిగి తెలుసుకుంటాను. ఇప్పుడు కాగితం చదివే ముందే మనిషిని అడుగుతున్నాను. లైను పెరిగిపోతుంది, వెనకవాళ్లు విసుక్కుంటారు. గది మాత్రం ఇక్కడా ఒక్కదానికే.

పోయిన ఏడాది ఆఫీసు పని మీద పెనుకొండ పోయాను. పని మధ్యాహ్నానికే అయిపోయింది. అవ్వ ఊరికి బస్సు ఉంది కూడా. స్టాండులో నిలబడి, ఇన్నాళ్లూ రాలేదేమని అవ్వ అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే అది వెళ్లిపోయింది. ఇంకో గంటకు మరొకటి ఉందన్నారు. నేను హిందూపురం బస్సెక్కాను.