కొద్దికొద్ది బాబాయి గొడుగు

కొద్దికొద్ది బాబాయికి ఈ లోకంలో ఏదీ ఉన్నట్టుండి జరగకూడదు. సూర్యుడు ఆయన సలహా అడిగి ఉంటే, "ఇవాళ సగం పొడిచి చూడు, మిగతా సగం సంగతి రేపు ఆలోచిద్దాం" అనేవాడు.

పాపం, అది ఆయన తప్పు కాదు, చేసే పని అలాంటిది. ఇంటి వెనకే నర్సరీ. పచ్చ నెట్టు కింద నీడలో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లగా పాలిపోయి మాడిపోతాయి. అందుకని పొద్దున కాసేపు ట్రేలు బయటపెట్టి, మళ్ళీ లోపలికి మోసుకొచ్చేవాడు. మర్నాడు ఇంకాస్త సేపు, ఆ మర్నాడు గాలి తగిలే చోట. ఆ అలవాటు ఎంతగా ఒంటబట్టిందంటే, చేతులు కడుక్కుని ఇంట్లోకి వచ్చాక కూడా ఆయన్ను వదిలేది కాదు.

కొత్త చెప్పులు కొంటే మొదటి వారం ఇంట్లోనే తొడిగేవాడు, అదీ ఒక కాలికే.

"రెండో కాలు ఏం పాపం చేసిందండీ?" అనేది పిన్ని.

"దాని వంతూ వస్తుంది. తొందరేముంది?"

పెళ్ళికి ముందు, "నేనంటే మీకు ఇష్టమేనా?" అని పిన్ని అడిగితే, "మొదలైంది" అన్నాడట. ఇన్నేళ్ళ తర్వాత కూడా అన్నం వడ్డిస్తూ, "ఎంతవరకు వచ్చిందండీ?" అని అడిగేది. "బాగానే పుంజుకుంటోంది" అనేవాడు తల వంచుకుని.

చుట్టాలు వెళ్ళొస్తామంటే ఒక్కసారిగా వెళ్ళనిచ్చేవాడు కాదు. హాల్లో కాసేపు, వరండాలో కాసేపు, గేటు దగ్గర కాసేపు ఆపేవాడు. ఒకసారి ఒకాయనకు గేటు దగ్గరే ఆకలేసి, మళ్ళీ లోపలికొచ్చి భోంచేసి వెళ్ళాడు.

ఆ ఇంట్లోనే ఉండేది బాబాయి అన్న కూతురు, అమ్మడు. చిన్నప్పుడు జబ్బుచేసి చాలాకాలం మంచం పట్టింది. జబ్బు తగ్గింది కానీ, వీధి అంటే భయం పట్టుకుంది. కాలేజీ వయసు వచ్చినా తల్లి చెయ్యి పట్టుకోకుండా గేటు దాటేది కాదు. నలుగురిలో నోరు పెగిలేది కాదు. అలాంటి పిల్లకు వేరే ఊళ్ళో వ్యవసాయ కాలేజీలో సీటొచ్చింది. చిన్నప్పటి నుంచీ బాబాయి వెనకాల తిరుగుతూ ఆకులు తిప్పి చూసిన పిల్ల కదా, అమ్మడికి ఆ చదువంటే ప్రాణం. హాస్టలంటే మాత్రం గుండెల్లో దడ. తలుచుకుని ఏడుస్తుంటే తల్లి తేల్చేసింది.

"మొక్కలాంటి పిల్ల. బయటికి పంపితే వాడిపోతుంది."

"వదినా, మొక్కల సంగతి నాకొదిలెయ్. చేరడానికి వేసవంతా ఉందిగా" అన్నాడు బాబాయి.

సరిగ్గా ఆ వేసవిలోనే ఆయనకు మతిమరుపు వచ్చింది.

"తల్లీ, సందు చివర దర్జీ కొట్లో గొడుగు మరిచిపోయాను. మోకాలు నొప్పిగా ఉంది, కాస్త తెచ్చిపెట్టవూ?"

అమ్మడు గోడ పట్టుకుని నడుస్తూ వెళ్ళి, పరుగెత్తుకుంటూ వచ్చింది. మరో రోజు మందుల షాపులో మరిచిపోయాడు. ఆ తర్వాత పెద్ద రోడ్డు అవతల పోస్టాఫీసులో.

"ఈయన తల మెడకి అంటుకుని ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దాన్నీ ఎక్కడో వదిలేసి వచ్చేవారు" అని పిన్ని నెత్తి కొట్టుకునేది.

చివరికి బస్సెక్కి వెళ్ళాల్సిన పక్క ఊళ్ళో, విత్తనాల షాపులో మరిచిపోయి వచ్చాడు. అమ్మడికి ఒళ్ళు మండింది.

"బాబాయ్! ఆ గొడుగుకి తాడు కట్టి మెళ్ళో వేసుకో! ఇదే ఆఖరుసారి!"

గొంతెత్తి అరిచిన అమ్మడిని తల్లి నోరు తెరుచుకుని చూసింది. బాబాయి మాత్రం ఎందుకో మురిసిపోయాడు.

బస్సులో సీటు కోసం దెబ్బలాడి మరీ వెళ్ళింది అమ్మడు. షాపు యజమాని గొడుగు అందిస్తూ నవ్వాడు.

"మీ బాబాయి మరిచిపోవడమేంటమ్మా! తనే మేకుకి తగిలించి, 'మా అమ్మడు వస్తుంది, దానికే ఇవ్వు' అని చెప్పి వెళ్ళాడు. అదిగో, ఆ కరెంటు స్తంభం చాటున ఉన్నాడు చూడు."

స్తంభం సన్నం, బాబాయి కాదు. రెండు పక్కలా కనిపిస్తూ, మండుటెండలో చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. ముందు బస్సులో వచ్చేశాడన్నమాట.

అమ్మడు రోడ్డు దాటి వెళ్ళి గొడుగు విప్పి ఆయన తల మీద పట్టింది. "ఎప్పట్నుంచి బాబాయ్?"

"దర్జీ కొట్టు దగ్గర్నుంచీ" అన్నాడు నేల చూపులు చూస్తూ. "నీడలో ముదిరిన ఆకు ఎండకి మారదు తల్లీ, అదలాగే ఉంటుంది. ఎండలో వేసే కొత్త ఆకే మందంగా వస్తుంది. నీకు పాత భయం పోకపోయినా ఫరవాలేదు. కొత్త ఆకులేశావు, నాకది చాలు."

అమ్మడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ రోజే అనుకుంది, కాలేజీలో చేరి తీరాలని.

వెళ్ళే రోజు బస్టాండు వరకే వస్తానన్నాడు బాబాయి. వచ్చాక బస్సెక్కాడు. వచ్చే స్టాపులో దిగుతానన్నాడు, దిగలేదు. ఆ పై స్టాపులోనూ దిగలేదు.

"పెద్దాయనా, ఇంతకీ ఎక్కడ దిగుతారు?" అని విసుక్కున్నాడు కండక్టరు.

"దిగుతున్నానయ్యా, కొద్దికొద్దిగా."

ఊరి పొలిమేర దాటాక దిగి, దుమ్ములో చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. అమ్మడికి అప్పుడు తెలిసింది, వేసవంతా తనను ఎండకు అలవాటు చేసిన మనిషి తను లేకుండా ఉండటం అలవాటు చేసుకోవడం మాత్రం మరిచిపోయాడని.

వారం తిరక్కుండా హాస్టల్ నుంచి ఫోను చేసింది.

"బాబాయ్, నా గొడుగు ఇంట్లో మరిచిపోయాను. కాస్త తెచ్చిపెట్టవూ?"

మర్నాడు పొద్దున్నే హాస్టల్ గేటు ముందు గొడుగుతో ప్రత్యక్షమయ్యాడు. కొన్నాళ్ళు ఆగి అమ్మడు దుప్పటి మరిచిపోయింది. ఇంకొన్నాళ్ళు ఆగి దువ్వెన. ఆ తర్వాత బాగా ఎడమిచ్చి ఒక పాత పుస్తకం.

ఇప్పుడు అమ్మడు అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. ట్రేలో తడిమట్టి వాసన తగిలితే చాలు, ఆ వేసవి గుర్తొచ్చి మనసు ఇంటికి పోతుంది. ఒకసారి పరీక్షల హడావిడిలో పడి చాన్నాళ్ళు ఏమీ మరిచిపోలేదు. పిన్ని ఫోను చేసింది.

"మీ బాబాయి బాగానే ఉన్నారు. నువ్వేమీ మరిచిపోకపోయినా తట్టుకుంటున్నారు. కానీ అమ్మడూ, మరీ ఒక్కసారిగా మానెయ్యకే."