ఆలస్యమైతే వెళ్ళే దారి

ఇల్లు చూడ్డానికి వచ్చే ఆడవాళ్ళు ముందు వంటగదిలోకి వెళ్తారు. కుళాయి తిప్పి చూస్తారు, తూర్పు ఎటని అడుగుతారు. కరుణ మాత్రం ఇంట్లో అడుగు పెట్టకుండానే స్కూలు ఎటని అడిగింది. ఒక చేత్తో కూతురు పింకీని పట్టుకుంది. భుజానికి పిల్లల స్కూలు బ్యాగు, నీలం రంగుది, నిండా పుస్తకాలతో వేలాడుతోంది.

"ఏటండమ్మా ఆ బస్తా? ఇల్లు నచ్చితే అందులో పెట్టుకుని పట్టుకుపోతారా?" అన్నాడు ముసలయ్య. పేరుకే ముసలయ్య, మనిషికి యాభై కూడా ఉండవు. అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళూ స్థలాలూ చూపించడం అతని పని.

"పుస్తకాల బరువుతో నడిస్తేనే కదండీ బాబాయిగారూ, పిల్లలకి ఎంత దూరమో తెలిసేది."

"ఆయ్. అదీ నిజమేలెండి," అని అతను మోటారు సైకిలు నీడకి తోసుకున్నాడు. కరుణ, పింకీ స్కూలు దాకా నడిచి వెళ్ళి, నడిచి వచ్చేరు. దారిలో ఒక పంట కాలువ తగిలింది.

"ఇది కాదండి," అంది కరుణ. లోపల గదులెలా ఉన్నాయో చూడనైనా లేదు.

వాళ్ళది కాట్రేనికోన దగ్గర పల్లె. భర్త మధుబాబు కువైట్‌లో డ్రైవరు. ఊళ్ళో బడి రెండో తరగతి వరకే ఉంచి, మూడు నుంచి పిల్లల్ని కాలువ అవతల హైస్కూల్లో కలిపేశారు. ఈ జూన్‌కి పింకీ మూడో తరగతి. అంటే పింకీ కూడా ఆ కాలువ దాటాలి.

రెండేళ్ళ కిందట, ఐదో తరగతిలో ఉండగా, పింకీ అన్న జ్ఞానప్రకాశం ఆ కాలువలోనే పోయాడు. కాలువకి సిమెంటు వంతెన ఉంది గాని, చాలా చుట్టు. ఇళ్ళకి ఎదురుగా దగ్గర దారికని రెండు కొబ్బరి దుంగలు వేసి ఉండేవి. రాత్రంతా వాన కురిసిన ఉదయం వాడు రబ్బరు చెప్పులతో దుంగల మీంచి వెళ్ళాడు. తీసినప్పుడు బ్యాగు భుజాలకే ఉంది. ఎండలో పెడితే బ్యాగు ఆరింది. పుస్తకాలు మాత్రం ఉబ్బిపోయి, అట్టలు వంకర తిరిగి, ఇప్పటికీ కాలువ వాసనే వేస్తాయి. కరుణ భుజాన ఉన్నది ఆ బ్యాగే.

వంతెన ఉండగా దుంగ మీంచి ఎందుకు వెళ్ళాడని ఊరంతా అడిగింది. పాస్టరుగారు అడిగారు. ఫోనులో మధుబాబు ఏడుస్తూ అడిగాడు. కరుణ ఎవరికీ జవాబు చెప్పలేదు. తల్లి కదా, నోరు పెగల్లేదనుకున్నారు.

"నీళ్ళు దాటక్కర్లేని చోట చూడు. మంచి స్కూలు పక్కన. ఇరవై ఎనిమిది లక్షల్లోపు," అన్నాడు మధుబాబు ఈ వేసవిలో. ఆ మాటే కరుణ ముసలయ్యకి చెప్పింది. అతను నవ్వాడు. "కోనసీమలో నీళ్ళు లేని దారి అడుగుతున్నారు! సరేనండి, కాళ్ళు అరిగే దాకా తిరుగుదాం."

తిరిగేరు. కామనగరువు వైపు ఒకటి, ఈదరపల్లి వైపు రెండు. స్కూలు దగ్గరైతే ధర అందదు. ధర అందితే మధ్యలో కాలువో, కాలువలో కలిసే మురుగో. ప్రతి ఇంటి దగ్గరా కరుణ ఒక పని చేసేది, తనకి తెలియకుండానే. గేటు తీసి పింకీని లోపలికి పంపాక కూడా, ఇంకొకరు రావాలన్నట్టు గేటు పట్టుకుని నిలబడేది. తర్వాత మూసేది. ముసలయ్య మొదట గమనించలేదు.

ఒక రోజు స్కూల్లో సీటు సంగతి కనుక్కుందామని వెళ్ళారు. ప్రిన్సిపాల్ జాస్మిన్ టీచరుగారు కలం తీసుకుని, "ఎంతమంది పిల్లలండీ?" అన్నారు.

"ఇద్దరండి."

"ఏ తరగతులు?"

"మూడు, ఏడు."

టీచరుగారు రాసుకున్నారు. "బాబు టీసీ తెచ్చేరా?"

"తెస్తానండి," అంది కరుణ. అన్నాక గాని ఏమన్నదో తెలియలేదు. పింకీ తల్లి మొహంలోకి చూసింది. బయటికి వచ్చాక, "అమ్మా, అన్నయ్యకి కూడా సీటు ఇచ్చేరా?" అని అడిగింది.

మోటారు సైకిలు మీద కూర్చున్న ముసలయ్య అది విన్నాడు. ఆ తర్వాత ఆ బ్యాగు మీద మళ్ళీ హాస్యమాడలేదు.

మే నెల చివర్లో దొరికింది ఇల్లు. బైపాసు దగ్గర కొత్త లేఅవుటులో రెండు పడకగదుల స్లాబు ఇల్లు. కరుణ బ్యాగు వేసుకుని స్కూలు దాకా నడిచింది. పదకొండు నిమిషాలు. దారంతా తారు, గోడలు, కుండీల్లో కాగితప్పూలు. ఎక్కడా చుక్క నీరు లేదు. ధర అనుకున్న దానికన్నా రెండు లక్షలు తక్కువే.

"ఇదేనండి బాబాయిగారూ," అంది. రెండేళ్ళలో మొదటిసారి ఆమె గొంతు గట్టిగా వినపడింది.

పక్కింటి అరుగు మీద వరహాలమ్మ అనే ముసలావిడ కొబ్బరి ఈనెలు చీరుతూ చీపుళ్ళు కడుతోంది. "కొంటన్నారా తల్లీ?" అంది.

"అవునండి పిన్నిగారూ. స్కూలు దగ్గర. మధ్యలో కాలువ కూడా లేదు కదండీ."

"కాలువ లేదా?" వరహాలమ్మ చాకు ఆపి, ఆమె కాళ్ళ వంక చూసింది. "నువ్వు నిలబడ్డదే కాలువ తల్లీ. ఇదంతా పెద్ద బోదె. మా ఆయన ఇక్కడే గేదెల్ని కడిగేవోరు. ఇసక పోసి కప్పేరు గాని, కప్పితే మటుకు దాని దారి అది మర్చిపోద్దా? శ్రావణంలో చూడు, గచ్చు కింద బుడబుడమంటా తిరగతది. నాకు నిద్దర పట్టదు."

కరుణ పక్కకి జరిగింది. ఎంత జరిగినా అదే నేల. భుజం మీద బ్యాగు తడిసినంత బరువెక్కింది.

"ఎప్పటి సంగతోనండి, చెబుదామనే అనుకున్నాను..." అని నసిగాడు ముసలయ్య. తిరిగి వస్తూ చాలాసేపటికి, "ఇంకోటుందండి. మీరు వద్దంటారని చూపించలేదు. దారిలోనే," అన్నాడు.

అది కాలువ గట్టున పాత ఇల్లు. ముందు వెడల్పాటి వరండా, వెనక జామచెట్టు. స్కూలు కాలువ అవతల. మధ్యలో రెండు పక్కలా నడుమెత్తు గోడలున్న వంతెన. అలవాటు కొద్దీ కరుణ బ్యాగు వేసుకుని నడిచింది.

వంతెన మధ్యలో కాళ్ళు ఆగిపోయాయి. కింద గుర్రపుడెక్క ఊదాపూలు పూసి మెల్లగా కదులుతోంది. వెనక రబ్బరు చెప్పుల టపటప వినపడింది. కొడుకు చెప్పులే. గిర్రున తిరిగింది. పింకీ. పింకీ కాళ్ళకి బూట్లు ఉన్నాయి.

పింకీ గోడ మీంచి ఇటూ అటూ వంగి చూస్తోంది. "అమ్మా, ఇక్కడ ఆలస్యమైతే ఎటు వెళ్ళాలి?"

"ఎటేంటే, ఇటే."

"కాదమ్మా. ఆ రోజు అన్నయ్యకి చెప్పేవు కదా. ప్రార్థన గంట కొట్టేస్తారు, వంతెన చుట్టూ తిరక్కు, దుంగ మీంచి పరుగెత్తు అని. ఇక్కడ దుంగ ఏదీ?"

ఆ మాట ఇంకెవరూ వినలేదనుకుంది కరుణ. అప్పుడు పింకీకి ఆరేళ్ళు, గడప మీద కూర్చుని పాలు తాగుతోంది. రెండేళ్ళూ ఆ మాట తప్పుని కరుణ కాలువల మీదకి తోసింది. ఊరూరా తిరిగి, నీళ్ళు లేని దారి వెతికింది.

ఆమె గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

"ఇక్కడ దుంగ లేదు పింకీ," అంది. "ఆలస్యమైతే ఆలస్యంగానే వెళ్ళు."

"టీచరు నిలబెడతారు కదా?"

"నిలబెట్టనీ. మా అమ్మ వల్ల ఆలస్యమైందని చెప్పు. అడిగితే నేనొచ్చి చెప్తాను, నా వల్లేనని."

పింకీ సరేనన్నట్టు తలూపింది.

"ఇదే తీసుకుంటామండి," అంది కరుణ, తిరిగొచ్చాక.

ముసలయ్య ఆశ్చర్యపోయాడు. "నీళ్ళున్నాయండమ్మా..."

"చూసేనండి. పైకి కనపడుతున్నాయి కదండీ."

ఆ సాయంత్రం మధుబాబుకి ఫోను చేసి ఇల్లు కుదిరిందని చెప్పింది. తర్వాత, ఆ ఉదయం తను ప్రకాశంతో ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది.

"స్కూలు ఎంత దూరం?" అన్నాడు మధుబాబు.

"తొమ్మిది నిమిషాలండి. బ్యాగుతో."

"మంచిది," అన్నాడు.

ఊరొదిలే ముందు కరుణ సమాధుల దొడ్డికి వెళ్ళింది. చిన్న సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, వంగి, కొత్త ఇంటి గుర్తులు చెప్పింది. వంతెన దిగాక ఎడమ పక్క మూడో ఇల్లు. ముందు వరండా. వెనక జామచెట్టు. తలుపు గొళ్ళెం కాస్త బిగువు, గట్టిగా తొయ్యాలి. రెండుసార్లు చెప్పింది.

స్కూళ్ళు తెరిచిన రోజు వాన పడింది. జడలు వేసేసరికే ఆలస్యమైంది. పింకీ సగం వంతెన మీద ఉండగానే ప్రార్థన గంట కొట్టారు. పరుగెత్తు అన్న మాట గేటు దగ్గరున్న కరుణ నోటి దాకా వచ్చింది. పెదవులు బిగించింది. పింకీ ఒకసారి వెనక్కి చూసి, పరుగెత్తకుండా, గొడుగు పట్టుకుని తన నడక తను నడిచింది.

కరుణ గేటు మూయలేదు. ఇంకొకరు దాటి వెళ్ళేంతసేపు పట్టుకుని నిలబడింది. పింకీ కనుమరుగైంది, గంట ఆగింది, వాన సన్నబడింది. వంతెన మీద రబ్బరు చెప్పుల చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంది. పరుగు కాదు. నడకే.