గంజి పెట్టిన తాడు

రాఘవమ్మ గారికి సినిమాలంటే ఇష్టం లేదు. వన్ టౌన్‌లో వాళ్ళ చీరల కొట్టు పైనే ఇల్లు. టీవీ పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. ఆవిడ మాత్రం దానికి వీపు పెట్టి కూర్చుని మినుములు బాగుచేసుకుంటారు. ఆవిడ చూసే సినిమా ఒక్కటే. అందులోనూ చూసేది ఒక్క చోటే.

నేను చదువు మధ్యలో మానేసి వాళ్ళ దగ్గర చీరలకు ఫాల్స్ కుట్టే పనిలో చేరాను. తల దించుకుని కుట్టుకునే మనిషి ముందు ఎవరూ మాటలు దాచుకోరు. ఈ సంగతులన్నీ అలా విన్నవే.

ఆ సినిమా ఒక గంధర్వుడి కథ. స్వర్గంలో నులక మంచం మీద పడుకుని, మంచంతో సహా భూమ్మీద పడతాడు. ఆ మంచం ఎక్కితే గాలిలోకి లేస్తుంది, ఆవలిస్తే కూలుతుంది. పెళ్ళి పందిరి మీదా, పేడకుప్ప మీదా అతను పడుతుంటే హాలంతా పడీపడీ నవ్వేదట. మంచం ఎగిరే ఘట్టం కొంత చల్లపల్లి దగ్గర పొలాల్లో తీశారు. అప్పటికి రాఘవమ్మ గారికి కొత్తగా పెళ్ళయింది. భర్త భావనారాయణ గారు మగ్గం నేసేవారు.

మంచానికి కట్టిన తాళ్ళు ఆకాశంలో కలిసిపోవాలని, నూలుతాడు పేని నీలం రంగు వేసిమ్మని సినిమావాళ్ళు ఆయనకు అప్పజెప్పారు. తీరా తెల్లవారి చూస్తే మంచు పట్టి ఆకాశం పాలిపోయి ఉంది. నీలం తాడు కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆయనకు తెలిసిన ఉపాయం ఒకటే. మగ్గం మీది పడుగు దారాలకు పెట్టినట్టు తాళ్ళన్నిటికీ చిక్కటి గంజి పట్టించి ఆరబెట్టారు. తాళ్ళు తెల్లబడ్డాయి. కానీ గంజికి బిర్రబిగిసి గిలకలో జారలేదు. చేసేది లేక ఆయనే తాటిచెట్టుకు కట్టిన పరంజా ఎక్కి చేతులతో లాగారు.

"మంచం లేచింది. పైన గంధర్వుడు ఆవలించాడు," అని రాఘవమ్మ గారు చెప్పేవారు. "మంచం అటు ఒరిగేసరికి మన మహానుభావుడికి నవ్వాగలేదు. తాటాకు పక్కనించి తొంగి చూశాడు. కిందనించి డైరెక్టరు గారు 'ఒరే సచ్చినోడా, మొహం లోపల పెట్టు!' అని ఒకటే తిట్లు."

మంచు విడిపోవడంతో మళ్ళీ తీయడం కుదరలేదు. తెర మీద కుడివైపు పై మూల ఒక చెయ్యి, ఒక మొహం రెప్పపాటు ఉండిపోయాయి.

మరుసటి ఏడు ఉప్పెన వచ్చింది. ఆయన చీరల మూట వేసుకుని దివిసీమ వైపు ఊళ్ళకు వెళ్ళి ఉన్నారు. మనిషీ రాలేదు, మూటా రాలేదు. ఇల్లు కూలి పెళ్ళి ఫోటో నీళ్ళపాలైంది. ఆ తరువాతే ఆ సినిమా వాళ్ళ ఊళ్ళోని డేరా హాలుకు వచ్చింది. రాఘవమ్మ గారు పసిపిల్లను ఎత్తుకుని వెళ్ళారు. చుట్టూ అందరూ విరగబడి నవ్వుతున్నారు. మూలన ఆయనా నవ్వుతున్నారు.

"పిల్లను పైకెత్తి చూపించానమ్మా," అన్నారు నాతో ఒకసారి. "అది నిద్రపోతంది."

ఆ పిల్లే రాజ్యశ్రీ ఆంటీ. ఇప్పుడు కొట్టు నడిపేది ఆవిడే. తండ్రి మొహం ఎరగదు. కళ్ళతో చూసిందే నమ్మే మనిషి. పెద్దయ్యాక వీడియో క్యాసెట్ తెచ్చి పెట్టింది. అప్పటికే రంగులు కారిపోయిన బొమ్మ. తల్లి అక్కడే తిప్పితిప్పి చూడడంతో సరిగ్గా ఆ చోటే గీతలు పడ్డాయి. కూతురికి తాటాకు పక్కన మట్టిరంగు మరక తప్ప ఏమీ కనిపించలేదు.

"అదీ తాటాకేనమ్మా. ఎండిన మట్ట," అనేది.

"మట్ట నవ్వుతుందటే?"

"నీకు నవ్వుతుందిలే."

తరువాత సీడీ వచ్చింది. అందులో మరక కాస్తా గళ్ళుగళ్ళుగా విడిపోయింది. ఇల్లు మారినప్పుడు బూజు పట్టిన క్యాసెట్‌ను ఆంటీ పాత సామాన్లవాడికి వేసేసింది. రాఘవమ్మ గారు ఆ పూట అన్నం తినలేదు, అడిగితే కడుపులో బాగాలేదన్నారు.

ఈ మధ్య ఆవిడకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది కూడా మెల్లగా పోతుందని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి ఆవిడకు ఒకటే దిగులు. "ఇదీ పోతే, అదుగో మీ నాన్న అని చూపించేదెవరే?"

ఆ దిగుల్లో ఉండగానే ఆ సినిమాను మచ్చలూ గీతలూ తీసేసి కొత్తగా నెట్‌లో పెట్టారు. ఆంటీయే ఫోన్‌లో చూసి చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి టీవీలో పెట్టింది. రాఘవమ్మ గారు ఉతికిన చీర కట్టుకుని టీవీకి అడుగు దూరంలో కుర్చీ వేయించుకున్నారు. నేను గుమ్మం దగ్గర చీర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

బొమ్మ నిన్న తీసినట్టుంది. నులక పోగులు విడివిడిగా కనిపిస్తున్నాయి. గంధర్వుడు ఆవలిస్తే పళ్ళ సందున తాంబూలం ఎరుపు కూడా తెలుస్తోంది.

"వస్తంది, వస్తంది. కన్నార్పకు," అన్నారు రాఘవమ్మ గారు.

మంచం లేచింది. ఏ ఆధారమూ లేకుండా లేచింది. ఒక్క తాడూ లేదు. మంచం ఒరిగింది. కుడి మూలన నున్నటి తెల్లటి ఆకాశం.

"వెనక్కి తిప్పు," అన్నారావిడ.

తిప్పింది. మళ్ళీ అదే ఆకాశం.

"నా కన్నే కదే? కనపడటం లేదు. నువ్వు చూడు. కీర్తనా, నువ్వు చూడమ్మా."

నేను చీర పక్కన పెట్టి లేచి చూశాను. ఆంటీ బొమ్మ ఆపి తెర దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు మూలనే చూస్తూ నిలబడింది.

"తాళ్ళు తుడిచేశారమ్మా," అంది. "తాళ్ళతో పాటు..."

"తాటాకు?"

"తాటాకు ఉంది." ఆంటీ ఇంకాస్త దగ్గరికి వంగింది. "తాటాకు ఉందమ్మా. దాని పక్కన ఉండేదే లేదు."

రాఘవమ్మ గారు అర్థమైనట్టు తల ఊపారు. ఏడవలేదు. "గంజి పెట్టకపోయినా బాగుండేది," అన్నారు. "ఎక్కేవాడే కాదు."

సాయంత్రం ఆంటీ బీరువా అంతా వెతికి పాత సీడీ తీసింది. ఇంట్లో ప్లేయర్ లేదు. మా వీధి చివర టీవీలు బాగుచేసే గోపీనాథ్ గారి కొట్టు మూస్తుంటే ఆపించింది. నేను రాఘవమ్మ గారి చెయ్యి పట్టుకుని నడిపించాను.

"ఇదాండీ?" గోపీనాథ్ గారు సీడీని లైటుకు ఎత్తి చూశారు. "ఇది ఆడుద్దంటారా? దీని మీద పప్పు రుబ్బినట్టున్నాయి గీతలు."

"చూడండి, ప్లీజ్," అంది ఆంటీ. బేరాల్లో ఎన్నడూ దిగని మనిషి గొంతు అలా వినడం నాకు అదే మొదలు.

ఆగుతూ సాగుతూ ఆడింది. మంచం ఒరిగినచోట ఆంటీ ఆపమంది. మూలన నాలుగైదు గళ్ళు. కొన్ని మట్టిరంగు, ఒకటి బూడిదరంగు. ఎంత చూసినా నాకు మనిషి కనిపించలేదు. ఆంటీకీ కనిపించలేదని ఆవిడ కళ్ళు చికిలించడంలోనే తెలిసింది.

"ఎక్కడమ్మా?" అని అడిగింది. ఎన్నడూ అడగని మాట.

రాఘవమ్మ గారు తడుముకుంటూ అద్దం మీద వేలు పెట్టారు. "ఇది చెయ్యి. ఇది మొహం."

"నవ్వుతున్నాడా?"

"ఆఁ. నవ్వుతున్నాడు."

రాఘవమ్మ గారి వేలు గళ్ళ మీద లేదు. పక్కన తాటాకు మీద ఉంది. ఆంటీ అది చూసింది. చూసి, తల్లి వేలు అక్కడే ఉండనిచ్చింది.

"ఎక్కువసేపు ఆగదండీ," అన్నారు గోపీనాథ్ గారు మెల్లగా. "దానంతటదే నీలం వచ్చేస్తది."

అన్నట్టే తెరంతా నీలమైపోయింది. ఆ వెలుగులో తల్లీకూతుళ్ళు అటే చూస్తూ నిలబడ్డారు.