తడిని నమ్మని పెద్దాయన

ఆ ల్యాబులో పెద్ద కెమిస్టుకు లోకంలో ఒక్కదాని మీదే పగ. అది తడి. ఏది తడిగా కనిపించినా ఆరబెట్టేదాకా ఆయనకు కాలు నిలవదు. వానలో తడిసి వచ్చినవాణ్ణి పలకరించేవారు కాదు, ముందు ఫ్యాను కింద నిలబెట్టేవారు. వెనకాల అందరూ ఆయన్ని ఆరబోతగారు అనేవారు. ఆయనకూ తెలుసు. పేరైనా పొడిగా పెట్టారని సంతోషించేవారు.

ఆటగాళ్ళు స్టెరాయిడ్లు వాడారేమో వాళ్ళ మూత్రంలో వెతకడం ఆ ల్యాబు పని. సీసాల మీద పేర్లుండవు, అంకె, ఆట, ఆడో మగో, అంతే. ఆ సీసాలంటే ఆరబోతగారికి నమ్మకం లేదు. నీళ్ళున్నంతసేపూ కంటికి కనబడని పురుగులకు పండగేననీ, అవి పెరిగిన సీసాలో ఎవరూ వాడని స్టెరాయిడ్లు కూడా పుడతాయనీ, ఎండిన చుక్క జోలికి ఏదీ పోదనీ ఆయన వాదన. అందుకని మైదానాల్లో నమూనాలు తీసేవాళ్ళను బతిమాలి, ఆటగాళ్ళను ఒప్పించి, తలా నాలుగు చుక్కలు అట్టముక్క మీద వేయించి ఆరబెట్టించి తెప్పించుకునేవారు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఈ పద్ధతిని ఒప్పుకోమని ఏడాదికో దరఖాస్తు పైకి వెళ్ళేది. ప్రస్తుతానికి వీలుపడదని ఏడాదికో జవాబు కిందికి వచ్చేది.

ఒకసారి ఆయన భార్య ఫోను చేసి చిన్న కెమిస్టుతో మొరపెట్టుకుంది. ఈ చిన్న కెమిస్టు మూడేళ్ళ కిందట చేరిన అమ్మాయి. ఎదురుబల్ల కాబట్టి ఆరబోతగారి బాధలన్నీ ఆమె చెవినే పడేవి.

"అమ్మాయీ, మీ సారు ప్రయోగమంటూ తన చుక్కలే అట్టల మీద వేసి పుస్తకాల్లో దాస్తున్నారు. చుట్టాలు చదువుకోడానికి పుస్తకం అడిగితే నాకు ప్రాణం పోతోంది."

ఇదంతా తలుచుకుని నవ్వుకునే రోజులు చిన్న కెమిస్టుకు ఆ ఎండాకాలంతో చెల్లిపోయాయి. సీసాలు తెచ్చే వ్యాను దారిలో చెడిపోయి రెండు రోజులు ఎండలో నిలబడింది. వచ్చిన సీసాల్లో ఒకటి హర్డిల్స్ పరిగెత్తే ఎవరో అమ్మాయిది. మూత తీయగానే గుప్పున వాసన. మగ హార్మోను టెస్టోస్టెరాన్ లెక్క హద్దు దాటింది. చిన్న కెమిస్టు మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అదే అంకె. సీసా చెడిపోయిందని చూపే పరీక్ష మాత్రం హద్దుకు ఇవతలే ఆగిపోయింది. వాసన సాక్ష్యం కాదనీ, సాయంత్రానికి సంతకం కావాలనీ డైరెక్టరు తేల్చేశాడు.

ఆ సంతకంతో ఒక పిల్ల నాలుగేళ్ళు మైదానం ముఖం చూడదు.  చిన్న కెమిస్టు రిపోర్టు తీసుకెళ్ళి ఆరబోతగారి ముందు పెట్టింది.

ఆయన చదివి, కళ్ళజోడు తీసేశారు. "ఏం లాభం లేదమ్మా. ఆ పిల్ల పని అయిపోయింది. మన పనీ అయిపోయింది." అంటూనే లేచి బీరువా తెరిచారు. నోరు ఆశ వదిలేసినా ఆయన చేతులు వదలవు.

ఆ సీసా మీది అంకే వేసిన కవరు దొరికింది. అందులో అట్టముక్క మీద నాలుగు పసుపు మచ్చలు. ఒకదాన్ని గుండ్రంగా కత్తిరించి, ద్రావకంలో నానబెట్టి, మిషనుకి ఎక్కించారు. అంకె వచ్చేదాకా ఆయన అది రాదనే చెబుతూ కూర్చున్నారు. వచ్చింది. హద్దుకు ఎంతో లోపల, మామూలు మనిషి లెక్క.

డైరెక్టరు అట్టను ముట్టుకోలేదు. నిబంధనల్లో అట్ట లేదన్నాడు. ఆరబోతగారు వాదించలేదు. సీసా నిబంధనల్లో ఉంది కదా, అందులో పురుగులు వదిలిన గుర్తుల్ని మరింత లోతుగా వెతకడానికి ఒక్కరోజు ఇమ్మని అడిగారు. ఇచ్చాడు. వెతికారు. దొరికాయి. నమూనా పనికిరాదని తేలింది. అట్ట సంగతి రిపోర్టులో ఒక్క ముక్క లేదు. అంత కీడు తప్పిందని ఆ పిల్లకు ఏనాటికీ తెలియదు.

"అసలు మీకీ తడి పిచ్చి ఎందుకు పట్టింది సార్?" అని ఆ రోజు చిన్న కెమిస్టు అడిగేసింది.

ఆయన మిగిలిన అట్టను తిరిగి కవర్లో పెట్టారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. పన్నెండేళ్ళ కిందట, బరువులెత్తే కుర్రాడొకడు, మొదటి సీసాలో మందు తేలాక సరిచూడటానికి దాచిన తన రెండో సీసా తెరిచేటప్పుడు చూడటానికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడట. మూత తీయగానే ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "బాబూ, ఇది చెడిపోయింది కదా?" అందట.

"మిషను తప్పు చెప్పదమ్మా అన్నాను. సంతకం పెట్టాను. పాలు విరిగితే తెలుసుకునే మనిషి ఆవిడ. ఆవిడకు తెలిసింది నాకు తెలియలేదు. ఆ తర్వాత వెతికించాను. వాడు ఆట మానేశాడన్నారు. ఊరు కూడా మారారట."

 ఓదార్పుగా ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. చిన్న కెమిస్టు సొరుగులోంచి తెల్లకాగితాలు తీసి, పన్నెండో దరఖాస్తులో తన పేరు కూడా రాయమంది.

"తిరగ్గొడతారమ్మా. నీ పేరు కూడా చెడుతుంది."

"తెలుసండి."

ఆయన కుర్చీ ఆమె బల్ల దగ్గరికి జరుపుకున్నారు. "అయితే ఈ వారంలోనే పంపేద్దాం. ఆలస్యమైతే చదవకుండా తిరగ్గొడతారు. కనీసం చదివి తిరగ్గొట్టనీ."