తీసుకునేవాళ్లు లేని తోట

బోర్డు బాబాయి చేతిలో ఏదైనా పెట్టినవాళ్లు బోర్డు లేకుండా తప్పించుకున్న దాఖలా లేదు. చందాలతో, గ్రాంటుతో నడుస్తూ లేనివాళ్లకు ఊరికే కూరలు పంచే వీధి తోట ఆయన చూసేది. తోట అందరిదీ, కుంచె మాత్రం ఆయనది. మోటారు ఇచ్చిన సిమెంటు కొట్టాయనకు ఒక బోర్డు. పారకు కర్ర వేసిన వడ్రంగికి ఒకటి. తట్టెడు పేడ పంపిన పాలావిడకూ ఒకటి. 'పేడ దాత' అన్న అక్షరాలు చూసి ఆవిడ మూడు రోజులు గడప దాటలేదు.

"మోటారిచ్చిన నాకూ అంతే, పేడిచ్చినావిడకీ అంతేనా బోర్డు?" అని సిమెంటు కొట్టాయన ఎగిరిపడ్డాడు.

"రేకు అంతే వచ్చిందండీ," అన్నాడు బాబాయి, కుంచె విదిలిస్తూ.

భర్త పోయిన నెలలో టైలరమ్మ ఖాళీ సంచీతో తోట గేటు దాకా వచ్చి, సిగ్గేసి వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్! ఈ టమాటా మడికి ఒక్క బకెట్టు నీళ్లు పొయ్యమ్మా, నడుం పట్టేసింది!" అని కేకేశాడు బాబాయి.

పోసింది. మర్నాటికల్లా బోర్డు: 'నీటి దాత: టైలరమ్మ'.

"దాతల వాటా తీసుకెళ్లకపోతే తోటకి అరిష్టం," అని సంచీ నింపేశాడు. అలా వారం వారం, మూడేళ్లు. ఆవిడా తలెత్తుకునే తెచ్చుకుంది.

కిందటేడు గ్రాంటు రాలేదు. ఆ ఎండల్లోనే మోటారు కాలిపోయింది. బాబాయి బకెట్లు మోసి మోసి మంచం పట్టాడు. వానలు పడకముందే పోయాడు. ఆ వారం వీధిలో ఎవరి పొయ్యీ సరిగ్గా మండలేదు.

ఈ ఏటి గ్రాంటు ఫారం, రాత బాగుంటుందని టైలరమ్మకిచ్చారు. ఎలా నింపాలో చూద్దామని, కిందటేడు బాబాయి నింపితే తిరిగొచ్చిన పాతది తీసింది. 'దాతలు: నూట నలభై ఇద్దరు. ఉచితంగా తీసుకునేవారు: ఎవరూ లేరు.' పక్కనే ఎర్రసిరాతో గ్రాంటిచ్చే సంస్థవాళ్ల రాత: 'తీసుకునేవారే లేనప్పుడు గ్రాంటెందుకు?'

"మతిలేని మనిషి! ఒక్క అంకె వేసుంటే మోటారొచ్చేది, ప్రాణమూ నిలిచేది," అంది పక్కనున్న పాలావిడ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

టైలరమ్మ ఎండిన మళ్ల మధ్య నడుస్తూ బోర్డులు చదివింది. చెంబెడు నీళ్లు. గుప్పెడు ధనియాలు. గంటసేపు కాకుల్ని తోలడం. అలాంటివన్నీ సంచులతో వచ్చేవాళ్ల పేర్లే.

"వదినా, బాబాయికి నడుం నొప్పి ఎప్పట్నించి?"

"ఆయనకి నడుం నొప్పేంటి? గునపంలా ఉండేవాడు."

టైలరమ్మ గట్టు మీద కూర్చుని ఫారం ఒళ్లో పరిచింది. 'తీసుకునేవారు' గడిలో మొదట తన పేరు రాసింది.

పాలావిడ అటూ ఇటూ చూసింది. "నన్నూ రాయి వదినా. గేదె వట్టిపోయినప్పట్నించీ..."

సాయంత్రానికి పేర్లు రాయించుకోడానికి గేటు దగ్గర వరస కట్టారు. అరవై ముగ్గురు.

గ్రాంటు వచ్చింది. కొత్త మోటారు చూడ్డానికొచ్చిన ఆఫీసరు, "మా సంస్థ బోర్డేదమ్మా?" అన్నాడు.

టైలరమ్మ చూపించింది. పేడ దాత పక్కనే, సరిగ్గా అంతే.

"ఇంత చిన్నదా!"

"రేకు అంతే వచ్చిందండీ," అంటూ ఆయన చేతిలో టమాటాల సంచీ పెట్టింది. "దాతల వాటా. కాదంటే తోటకి అరిష్టం."